ఛాయ నంబర్ మూడు

రాజులు పట్టాభిషేకానికి ఏ రంగు పట్టుబట్ట కట్టారో శాసనాల్లో చెక్కించుకున్నారు గానీ, కెనడాలోని మిస్సిసాగాలో ఒక టౌన్‌హౌస్ మేడమీది గదిలో వీరరాఘవులు గారు ప్రతి శనివారం ఉదయం తొమ్మిదింటికి బూడిదరంగు చొక్కా తొడుక్కునే ఘట్టాన్ని మాత్రం ఏ చరిత్రకారుడూ నమోదు చేయలేదు. పదకొండేళ్ళుగా జరుగుతున్న క్రతువిది. ఎర్రచొక్కా వేసుకుని కూర్చుంటే ఆ ఎరుపు మానిటర్ మీద పడుతుంది. పడిన ఎరుపు కంటిని మోసం చేస్తుంది. మోసపోయిన కన్ను ఫోటోలో లేని ఎరుపును తీసేస్తుంది. చివరికి కాగితం మీద పెళ్ళికొడుకు కామెర్ల రోగిలా తేలతాడు. అందుకని బూడిదరంగు. ఆ తరవాత కర్టెన్లు. ఆ తరవాత మానిటర్ వేడెక్కడానికి అరగంట నిరీక్షణ. ఆ అరగంటా ఎవరూ ఆ గది లైటు వేయరాదు. భార్య పద్మిని గారు బతికి ఉండగా దీన్ని ‘ఆయన మడి’ అనేవారు.

ఒక మందుల కంపెనీలో ముప్ఫై ఏళ్ళు నాణ్యత తనిఖీ చేసి రిటైరయ్యారాయన. మాత్ర రంగు వీసమెత్తు తేడా వస్తే బ్యాచ్ మొత్తం పారబోయించిన మనిషి. ఆ ధర్మాన్నే ఊళ్ళోని తెలుగువాళ్ళకు తాను తీసిపెట్టే ఫోటోలకూ వర్తింపజేశారు. ప్రతి ప్రింటు వెనకా పెన్సిలుతో బ్యాచ్ నంబరు, దాని కింద ‘పాస్’ అనో ‘ఫెయిల్’ అనో ఉండాలి. ఫెయిలైనవి ముక్కలుగా చించాలి. ఆమోదం పొందిన ఫైలు తయారయ్యాక పాత ఫైలు ఉండకూడదు. ఉంటే ఎవరో ఒకరు పొరపాటున దాన్ని వాడతారు. నిజానికి కంపెనీలో పాతదాని ప్రతి ఒకటి రికార్డు గదిలో దాచేవారు. ఇంట్లో రికార్డు గది లేదు.

పద్మిని గారు పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి ఆవిడ ఫోటో పన్నెండు బై పద్దెనిమిది సైజులో, రంగు తేడా రాకుండా ఉన్నది ఉన్నట్టుగా కావాలని ఆయన పట్టుదల. పైకి చెప్పని కారణం ఇంకొకటుంది. ఈమధ్య కళ్ళు మూసుకుంటే ఆవిడ కట్టు, నడక, దగ్గు కూడా గుర్తొస్తున్నాయి గానీ ముఖం సరిగ్గా ఆనడం లేదు.

మొదటి ప్రింటు తీసి, గ్వెల్ఫ్ నుంచి వచ్చిన కూతురు విద్యకు చూపించారు. విద్య చాలాసేపు చూసింది.

"దట్స్ నాట్ అమ్మ, నాన్నా."

"అమ్మ కాకపోతే ఎవరే?"

"ఐ డోంట్ నో. అమ్మకి రిచ్ కజిన్‌లా ఉంది."

ఫెయిల్. చించేశారు. మానిటర్ వెలుగు తగ్గించారు. తెర మీద వేలాడదీసి రంగులు కొలిచే మీటరును మూడుసార్లు వేలాడదీశారు. కాగితం మార్చారు, ఆ కాగితానికి తగ్గ రంగుల ప్రొఫైల్ దించుకున్నారు, ప్రింటరులో సిరా చిమ్మే నాజిళ్ళు కడిగారు. గదిలో బల్బు పచ్చగా ఉందేమోనని అదీ మార్చారు. తొమ్మిది ప్రింట్లు తీశారు. తొమ్మిదీ తెరతో అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. తొమ్మిదింటినీ చూసి విద్య తల అడ్డంగా ఊపింది.

ఇక లాభం లేదని కిచెనర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తెలిసినవాళ్ళ అబ్బాయి మహీధర్‌ను పిలిపించారు. మహీధర్ వచ్చీ రాగానే కర్టెన్ తీయబోయి తిట్లు తిన్నాడు. తరవాత రంగుగళ్ళ కాగితం ఒకటి ప్రింటు తీసి, తెర పక్కన పెట్టి చూశాడు.

"అంకుల్, మీ సెటప్ మా ఆఫీసులో కూడా లేదు. పర్ఫెక్ట్."

"మరి తప్పెక్కడయ్యా?"

"ఫైల్లో ఉన్నదే ప్రింటవుతోంది. ఇదుగో, ఈ ఫోటోకి ఏదో అప్లై చేశారు చూడండి. ‘ఛాయ-3’ అట. ఏంటిది?"

ఆ పేరు పెట్టింది వీరరాఘవులు గారే. అదేమిటో ఊళ్ళో అందరికీ తెలుసు. తెలుగు సంఘం వాళ్ళ మొట్టమొదటి గ్రూప్ ఫోటో నాడే, "అంకుల్, ఫేసులు కొంచెం బ్రైట్ చేయరూ?" అని ఆరుగురు ఫోన్ చేశారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చేయలేక ఆయన ‘ఛాయ’ పేరుతో మూడు సెట్టింగులు కట్టి పెట్టుకున్నారు. ఒకటోది పిల్లలకు, రెండోది మగవాళ్ళకు, మూడోది ఆడవాళ్ళకు. కెమెరాలోంచి కంప్యూటర్లో పడగానే దానంతట అదే పూసేస్తుంది. పాతబెల్లం రంగు మనుషులంతా గోధుమపిండి రంగుకు తిరిగేవారు. మానిటర్ ముందు ఒక్క చుక్క ఎరుపును సహించని మనిషి, పదకొండేళ్ళు ఈ పని చేసి ప్రతిదాని వెనకా ‘పాస్’ అని రాశారు.

"అయితే ఒరిజినల్ తీయండి, నిమిషంలో అయిపోతుంది," అన్నాడు మహీధర్.

ఒరిజినల్ లేదు. ఆయన నియమం ప్రకారం ఒక్కటీ మిగల్లేదు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఫోటో ఉంది గానీ అది నలుపు తెలుపు.

ఆవిడ తన ప్రింటు మొదటిసారి చూసుకున్న రోజు ఆయనకు గుర్తొచ్చింది. "ఎవరండీ ఈవిడ? మీకు బాగా కావలసిన మనిషిలా ఉందే!" అన్నారావిడ. "లైటింగ్ అలా పడింది," అన్నారీయన. పద్మిని గారు ఆ తరవాత ఏ ఫోటోలోనూ తనంతట తాను వచ్చి నిలబడలేదు. ఆ సంగతి ఆయన ఇప్పుడు గమనించారు.

సంవత్సరీకం నాడు పొద్దున్నే విద్య ఒక చిన్న కవరు తెచ్చింది. దార్లో మందుల షాపులో ఆగి, అక్కడి మెషిన్లో తన ఫోన్ తగిలించి, అందులోని ఫోటోకు తీయించిన ప్రింటు. గ్వెల్ఫ్‌లో విద్య వంటింట్లో, కిటికీ పక్కన పద్మిని గారు. వద్దు వద్దంటూ కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టారు. ఒక కన్ను, ఒక చెంప, సగం నవ్వు కనిపిస్తున్నాయి.

"షి వజ్ టెల్లింగ్ మి టు స్టాప్," అంది విద్య. "‘వద్దులేవే, పాపం మీ నాన్న మళ్ళీ నాకు సున్నం కొట్టుకోవాలి’ అంది."

వీరరాఘవులు గారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. ఆయన ఒంటి మీద ఆ పూట పసుపుపచ్చ కండువా ఉంది. తీసేయాలని తోచలేదు. ఆ చెంప రంగు ఆయనకు తెలుసు. నలభై రెండేళ్ళుగా తెలుసు.

పన్నెండు బై పద్దెనిమిది ఫ్రేములో ఆ చిన్న ఫోటో బిత్తరపోయినట్టు నిలబడింది. దండ వేస్తే చెయ్యి కూడా సగం దాగిపోయింది. భోజనాలకు వచ్చిన వాళ్ళలో ఒకావిడ ఆగి చూసి, "ఇదేంటి అంకుల్, ఆంటీది ఇంకో మంచి ఫోటో లేదా? మీ దగ్గర బోలెడుంటాయిగా!" అంది.

"లేదమ్మా," అన్నారాయన.

విద్య తెచ్చిన ఖాళీ కవరు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. దాని మీద అచ్చువేసి ఉంది: రంగులు తెర మీది రంగులతో సరిపోకపోవచ్చు.