తెల్ల వంకాయ నారు... పక్కింటి పావురాలు

మా చిన్నప్పుడు, మొఘల్‌పురాలో అద్దెకున్న ఇంట్లో, ఒక ఏడాది ఎండలు ముదరకముందే అమ్మకు ఒక భయం పట్టుకుంది... వంకాయ నారు భయం.

ఏదో ఒక వంకాయ కాదు. అమ్మమ్మ తన పెరట్లో పండించి, విత్తనం తీసి, గుడ్డలో మూట కట్టి ఇచ్చిన తెల్ల వంకాయ. తరువాత అమ్మమ్మ పోయింది... ఆ పెరడూ పోయింది. మూటలో సగం విత్తనాలు ముందు ఏడాది మిద్దె మీద నారు పోస్తే, పక్కింటి పావురాలు దిగి మొలకలన్నీ కొరికి పారేశాయి. మిగిలింది ఇంకో సగమే. ఇదీ పోతే ఇక లేదు.

ఆ పావురాలు ఖాదర్ భాయ్‌వి. ఆయనకు కింద సైకిళ్ల రిపేరు దుకాణం, పైన పావురాల గూళ్లు... మనసు మాత్రం ఎప్పుడూ పైనే. మొలకలు పోయిన రోజు అమ్మ పిట్టగోడ దగ్గర నిలబడి చేసిన లొల్లి గల్లీ అంతా విన్నది.

"మా అమ్మ చేతి విత్తులవి! నీ పావురాలు నా చేతికి దొరకాలె, సూడు!"

ఆయన పావురాలను గూళ్లలోకి తోలుకుని కిందికి దిగిపోయాడు. ఆ తరువాత ఏడాది పాటు రెండు ఇళ్ల మధ్య మాటల్లేవు. అలిగి కూర్చోవడంలో మా అమ్మను మించినవాళ్లు లేరు.

ఈసారి అమ్మ జాగ్రత్త పడింది. నూనె డబ్బాలు అడ్డంగా కోయించి, మధ్య గదిలో కిటికీ దగ్గర నారు పెంచింది. బెత్తెడు ఎదిగాక ఎండకు అలవాటు చేయడం మొదలైంది... మొదట మిద్దె మీద పిట్టగోడ నీడలో కాసేపు, తరువాత పొద్దుటి ఎండలో, ఆ తరువాత కొంచెం కొంచెంగా ఎక్కువసేపు. నీళ్లు కూడా తగ్గించేది. ఆకులు వాలిపోతుంటే నాకు ప్రాణం ఆగేది కాదు, చెంబు పట్టుకుని పరుగెత్తేదాన్ని.

"దించు చెంబు! గిప్పుడు గారాబం జేస్తే నేలల వెట్టిన్నాడే సస్తయి" అని కసిరేది.

మేముండేది కింది వాటా. మిద్దెక్కాలంటే పైనుండే ఇంటివాళ్ల హాలు దాటాలి. ఆ రోజు పొద్దున్నే డబ్బాలు పైన పెట్టి, పాత చీర కప్పి దిగాం. మేం తినేలోగా ఇంటివాళ్లు యాకుత్‌పురాలో ఏదో పెళ్లికని తాళం వేసి వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి వస్తారులే అనుకున్నాం... రాలేదు.

పొద్దు వాలుతుండగా గాలి మారింది. ఆకాశం ఒక పక్క నల్లబడింది. అమ్మ ఆకిట్లో నిలబడి పైకి చూస్తూనే ఉంది. ఇంతలో కప్పిన చీర మిద్దె మీది నుంచి ఎగిరి వచ్చి మా ముందే పడింది. అమ్మ దాన్ని అక్కడే వదిలేసి మెట్ల వైపు ఉరికింది.

"రాళ్లవాన వడ్తది... ఒక్క మొక్క మిగలది" అంటూ మెట్లెక్కి, ఆ తాళాన్ని రెండు చేతులతో గుంజింది. అది ఊడుతుందా! మళ్లీ ఆకిట్లోకి దిగొచ్చింది.

ఖాదర్ భాయ్ తన మిద్దె మీదే ఉన్నాడు. పావురాల జట్టు ఇంకా గాలిలోనే ఉంది. గింజల డబ్బా ఆడిస్తూ "ఆవ్... ఆవ్..." అని గొంతు చించుకుంటున్నాడు. ఆ పిలుపు ఆగితే పావురాలు చెదిరి వేరే మిద్దెల మీద దిగుతాయి. దిగినవి పట్టుకున్నవాళ్లవే... ఇది మా గల్లీలో పసిపిల్లలకు కూడా తెలుసు.

అమ్మకూ తెలుసు. అందుకే నోరు తెరిచి, మూసుకుంది. మళ్లీ తెరిచింది.

"అన్నా! ఖాదరన్నా! నా నారు మీదనే ఉన్నది... తాళమేసి పోయిండ్రు!"

ఆయన అమ్మ వైపు చూశాడు. పావురాల వైపు చూశాడు. డబ్బా కింద పెట్టి, పావురాలను మూసే పెద్ద వెదురు బుట్ట ఎత్తుకుని మా పిట్టగోడ దాటాడు.

అంతే, రాళ్లు పడ్డాయి. మేం నిలబడ్డ వసారా రేకుల మీద ఆ చప్పుడు... అమ్మ పట్టు బిగిస్తే గాజులు నా చేతికి గుచ్చుకున్నాయి, అయినా వదిలించుకోలేదు. పైన ఏం జరుగుతున్నదో కనబడదు. పావురాలను పిలిచే గొంతు మాత్రం ఆగిపోయింది.

వాన వెలిశాక మొదట వినబడింది ఆ గొంతే... "ఆవ్... ఆవ్..." ఖాళీ ఆకాశంలోకి.

ఇంటివాళ్లు రాగానే పైకి పరుగెత్తాం. పిట్టగోడ అవతల ఖాదర్ భాయ్ ఇంకా తన మిద్దె మీదే ఉన్నాడు. బుట్ట గాలికి లేవకుండా దాన్ని కావలించుకుని కూర్చున్నాడట. నుదుటి మీద ఇంత బొప్పి! బుట్ట ఎత్తితే నారు నిలబడే ఉంది. అమ్మ భోరుమన్నది.

"ఎందుకేడుస్తవ్ చెల్లె? మీ అమ్మ చేతి విత్తులని పోయినేడు లొల్లిల అన్నవ్ గద... యాదికున్నది" అన్నాడు.

"మరి నీ పావురాలన్నా?"

"కొన్నొచ్చినయ్. సఫేద్ రాలె. వస్తది తియ్, ఫికర్ వద్దు."

జట్టును ముందుండి నడిపే తెల్ల పావురం అది. చేత్తో గింజలు తినిపించి పెంచాడు దాన్ని.

నాన్న ఉస్మాన్‌గంజ్‌లో ధాన్యం దుకాణంలో గుమాస్తా. మర్నాటి నుంచి అమ్మ ఆయనతో రాలిన జొన్నలు తెప్పించి పిట్టగోడ మీద పోసేది. పావురాలను తిట్టిన నోటితోనే "ఆవ్, ఆవ్" అని పిలిచేది. ఉగాదికి నారు ఆకిట్లో నాటాం, మొదటి కాయలు ఖాదర్ భాయ్ ఇంటికే వెళ్లాయి. తెల్లది మాత్రం రాలేదు.

ఇప్పుడు ఆ మిద్దెలు లేవు, ఫ్లాట్లు లేచాయి. నేనుండేది సైదాబాద్ వైపు, మూడో అంతస్తు. అమ్మమ్మ విత్తనం ఇంకా నా దగ్గర ఉంది... ఈ వారమే నారును బాల్కనీలోకి తెచ్చాను. కాసేపు నీడ, కాసేపు ఎండ.

"మేడమ్, పావురాలతోటి పరేషాన్ ఉన్నది. అందరు వలలు కట్టించుకున్నరు, మీదొక్కటే మిగిలింది" అంటున్నారు అపార్ట్‌మెంట్‌వాళ్లు. కట్టించను. కావాలంటే రోజంతా కర్ర పట్టుకుని కూర్చుంటాను... దారి తప్పిన తెల్లది ఏదైనా వస్తే దిగడానికి ఒక్క చోటైనా ఉండాలి కదా.

మీ పక్కింటి మిద్దె మీద అప్పట్లో ఎవరుండేవారు? గుర్తుంటే కింద రాయండి... నారుకు కాపలా కాస్తూ చదువుకుంటాను.