రెండు గజాల జాగా

తాండూరు స్టేషన్ వెనక గల్లీలో బుగ్గమ్మ నోటికి జడవనివాడు లేడు. గొర్లు కొనడానికి వచ్చే కటికవాళ్లు ముందు గడప బయటి నుంచే తొంగి చూసి, ఆమె లేదని తేల్చుకున్నాకే ఆమె కొడుకు బీరన్నతో బేరం మొదలుపెట్టేవాళ్లు. పుట్టిల్లు సేడం వైపు. తిట్టడానికి తెలుగు చాలకపోతే కన్నడంలోకి దిగేది. పళ్లు రాలిపోయిన ముసలి గొర్రెను పట్టుకొచ్చి, "ఇగ ఇది రెండో ఈతది, కావాలంటే నా కొడుకు మీద ఒట్టు" అని అంటగట్టేది. రెప్ప కూడా వాలేది కాదు. పక్కనే నిలబడ్డ బీరన్న మాత్రం తన మీద ఒట్టు పడినప్పుడల్లా ఉలిక్కిపడేవాడు.

అట్లాంటి మనిషి ఒక్క అబద్ధం ఆడలేక, తన చేత్తో కట్టుకున్న గోడల్ని తన చేత్తోనే పడగొట్టుకుందంటే నమ్ముతారా? గల్లీ కూడా నమ్మలేదు.

పందొమ్మిది వందల యాభై తొమ్మిది వేసవి అది. బుగ్గమ్మ బిడ్డ రుక్కమ్మను కుల్కచర్లలో ఇచ్చారు. అంతకు ముందటి ఏడాది ఆ పిల్లకు దగ్గు పట్టుకుంది. దగ్గులో నెత్తురు పడింది. అత్తింటివాళ్లు బండి కట్టి, వికారాబాద్ గుట్ట మీది టీబీ దవాఖానలో దింపి, చేతులు దులుపుకున్నారు. మళ్లీ ఒక్కడు వచ్చి చూసిన పాపాన పోలేదు. మొగుడైతే ఆరునెలలు తిరక్కుండానే ఇంకొకతెను తెచ్చుకున్నాడు. బుగ్గమ్మే రైలెక్కి వికారాబాద్‌లో దిగి, గుట్ట ఎక్కి, బిడ్డ తల దువ్వి వచ్చేది.

ఆ వేసవిలో డాక్టరు పిలిచి చెప్పాడు. జబ్బు లొంగింది, ఇంటికి తీసుకుపోవచ్చు. కాని ఏడాదిపాటు వేరే గదిలో, గాలి ఆడేచోట పడుకోవాలి. చంటిపిల్లలతో కలిపి పడుకోబెట్టకూడదు. ఇక్కడ మంచం కోసం ఇంకొకరు ఎదురు చూస్తున్నారు, తొందరగా చూసుకోండి అన్నాడు.

బుగ్గమ్మకు ఉన్నదే ఒక్క గది. అందులోనే బీరన్న, కోడలు దేవమ్మ, పాలు తాగే మనవడు. ఇంకో గది వేయాలంటే ఇంటి వెనక చిన్న జాగా ఉంది. ఆ జాగాకు అవతలి అంచున అనంతయ్య వంటింటి గోడ.

అనంతయ్య దోమ అనే ఊరి నుంచి వచ్చిన పటేలు. అక్కడ పొలాలు, ఇక్కడ కందుల వ్యాపారం. ఇల్లు కట్టినప్పుడు తన జాగాలో జానెడు కూడా వదలకుండా, సరిగ్గా హద్దు మీదికే వంటింటి గోడ లేపాడు. అప్పుడు అడిగేవాడు లేడు. తర్వాత ఊరి కమిటీ కొత్త ఖానూన్ తెచ్చింది. ఎవరు ఏ గది కట్టినా పక్కింటి హద్దుకు రెండు గజాలు వదిలి కట్టాలి. వదలడానికి వీల్లేకపోతే అర్జీ పెట్టుకోవాలి. పక్కింటివాళ్లు సరేనంటే కమిటీ సడలిస్తుంది. అంటే ఏమిటి? అనంతయ్య వదలని జాగా కూడా బుగ్గమ్మే వదలాలి. వదిలితే ఆమెకు మిగిలేది మంచం కూడా పట్టని సందు. ఏం న్యాయమో చూడండి!

అర్జీ పెట్టింది. విచారణ రోజు ఉతికిన చీర కట్టుకుని, బీరన్నను వెంటబెట్టుకుని కమిటీ దఫ్తరుకు పోయింది. కమిటీ పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. పక్కన గుమాస్తా నర్సింహులు. ఎదురు బెంచీ మీద అనంతయ్య కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు.

"పటేలా, జర దయ సూడు," అంది బుగ్గమ్మ. బతుకులో ఎవరినీ అట్లా అడిగిన మనిషి కాదు. "నా బిడ్డకు నయమైంది. డాక్టరే చెప్పిండు. ఒక్క ఏడాది పండుకోనికె జాగ. నువ్వు ఊ అంటే అయిపోతది."

అనంతయ్య ఊ అనలేదు. మీసం దువ్వుకుని, నింపాదిగా, "బుగ్గమ్మా, ఒక్క మాట అడుగుత. నీ మందల ఒక గొర్రె దగ్గుతుంది అనుకో. ఏం జేస్తవ్?" అన్నాడు.

గొర్ల సంగతి అడిగితే బుగ్గమ్మకు ముందూ వెనకా ఉండదు. పుట్టినప్పటి నుంచి చేసిన పని. ఎందుకు అడుగుతున్నాడన్న ఆలోచనే రాలేదు.

"ఏం జేస్త? ఎంబడే ఇడదీస్త. దూరం కట్టేస్త. అయినా తగ్గకుంటే కటికోనికి తోల్త. ఉంచుకుంటే మందంత ఖరాబైతది గద పటేలా!"

"గట్ల చెప్పు. మరి నీ దగ్గే గొర్రెను తెచ్చి మా వంటింటి గోడకు ఎట్ల కట్టేస్తనంటున్నవ్?"

దఫ్తరంతా పకపకా నవ్వింది. కమిటీ పెద్ద కూడా పంచె చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. బుగ్గమ్మ నోరు తెరిచింది, మూసింది. గల్లీని గడగడలాడించిన నోరు అది! తన బిడ్డను కటికవాడికి తోలమని తానే చెప్పినట్టయింది.

అర్జీ కొట్టేశారు. లేచి పోతూ అనంతయ్య ఇంకో మాట విసిరాడు. "గొర్ల కొట్టమైతే ఏస్కో. కాదన్నోడెవడు? ఏం నర్సింహులూ, కొట్టానికి పర్మిషన్ కావాల్నా?"

"కొట్టానికి అక్కర లేదు పటేలా. మనిషి ఉండే గదికే," అన్నాడు నర్సింహులు, తల ఎత్తకుండా.

ఆ పూట బుగ్గమ్మ అన్నం ముట్టలేదు. దేవమ్మ రెండుసార్లు పిలిచి భయపడి ఊరుకుంది. తెల్లారి లేస్తూనే, "బీరన్నా, బండలు తోలుకరా," అంది.

"పర్మిషన్ లేదు గదనే అవ్వా?"

"గొర్ల కొట్టానికి ఎవని పర్మిషన్‌రా?"

తాండూరులో బండలకు కరువా? గనుల దగ్గర పగిలి పారేసినవి తెచ్చి, నిలబెట్టి, రొమ్ము ఎత్తున గోడలు లేపారు. పైన గాలి ఆడేలా వదిలి గడ్డి కప్పు వేశారు. ముందు భాగంలో నాలుగు గొర్లను కట్టారు. వెనక భాగానికి తడక అడ్డం పెట్టి, సున్నం కొట్టి, మంచం వేశారు. రుక్కమ్మను రైల్లో తెచ్చుకున్నారు.

రుక్కమ్మ గడప దగ్గర ఆగి గొర్ల వంక చూసింది. "నన్ను ఈడ పెడుతున్నవా అవ్వా?"

"పేరుకే బిడ్డా కొట్టం. నీ దిక్కు సున్నం కొట్టిన, సూడు."

రుక్కమ్మ ఇంకేం అనలేదు. లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. అత్తింటివాళ్లు బండిలోంచి దింపినప్పుడు కూడా ఇట్లాగే ఏం అనలేదట. అది తలుచుకుని బుగ్గమ్మ ఆ సాయంత్రం గొర్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే అనంతయ్య ఏడు తరాలనూ తిట్టింది.

దగ్గు దాగుతుందా? అనంతయ్య భార్య సుమిత్రమ్మ మర్నాడే వంటింట్లోంచి విన్నది. ఇంకేముంది, ఫిర్యాదు పోయింది. నర్సింహులు కొలత టేపు పట్టుకుని దిగాడు. వెనక అనంతయ్య. గల్లీకి గల్లీ అంతా పని మానుకుని వచ్చింది.

నర్సింహులు చెడ్డవాడు కాదు. అతని మేనత్త వికారాబాద్ గుట్ట మీది దవాఖానలోనే పోయింది. ముందు నిలబడ్డ నాలుగు గొర్లను చూశాడు, తడకను చూశాడు. బుగ్గమ్మ దగ్గరికి జరిగి మెల్లగా, "లోపట గొర్లే ఉన్నయని ఒక్క మాట అను బుగ్గవ్వా. గట్లనే రాస్కొని పోత. తడక తీసి సూడను," అన్నాడు.

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి దగ్గు. ఆపుకోబోయి ఆపుకోలేక, ఎగదన్నుకొచ్చిన దగ్గు.

"ఇనపడ్డదా?" అన్నాడు అనంతయ్య.

"గొర్రె గూడ దగ్గుతది పటేలా," అన్నాడు నర్సింహులు. బుగ్గమ్మ వైపు తిరిగి కళ్లతోనే బతిమాలాడు. "ఏం బుగ్గవ్వా? గొర్రేనా?"

ఔనంటే చాలు. అంతే. కొడుకు మీద ఒట్టు పెట్టి ముసలి గొర్రెను అమ్మిన నోటికి అదెంత పని? బిడ్డకు నీడ ఉంటుంది, గాలి ఉంటుంది, ఏడాది గడుస్తుంది. బుగ్గమ్మ ఔననడానికే నోరు తెరిచింది. తడక వెనక చప్పుడు లేదు. అక్కడ రుక్కమ్మ ఊపిరి బిగబట్టి వింటోందని బుగ్గమ్మకు తెలుసు. తల్లి ఏమంటుందోనని వింటోంది.

"గొర్రె గాదు," అంది బుగ్గమ్మ. "నా బిడ్డ. రుక్కమ్మ దాని పేరు. మనిషి. రాస్కో!"

నర్సింహులు తల పట్టుకున్నాడు. బుగ్గమ్మ మాత్రం ఆగలేదు. అనంతయ్య మీదికి కన్నడంలో దిగింది. దఫ్తరులో మింగిన మాటలన్నీ కక్కింది. కన్నడం రానివాళ్లకు కూడా ఒక్కొక్క ముక్కా అర్థమైంది. అనంతయ్య ముఖం మాడ్చుకుని ఇంట్లోకి నడిచాడు.

ఆ రాత్రి రుక్కమ్మ అడిగింది. "ఎందుకు చెప్పినవ్ అవ్వా? ఊ అంటే అయిపోతుండె గద."

"నోరు రాలే బిడ్డా. దఫ్తర్ల ఒకసారి అన్న, దగ్గేదాన్ని కటికోనికి తోల్తనని. నిన్నే అన్నట్టయింది. మల్ల ఒకసారి ఎట్లంటనే?" అని బుగ్గమ్మ బిడ్డ కాళ్లు ఒళ్లో పెట్టుకుంది. రుక్కమ్మ ఈసారి గోడ వైపు తిరగలేదు.

గోడలు, కప్పు తీసేయాలని హుకుం వచ్చింది. కూలివాళ్లు వచ్చేదాకా బుగ్గమ్మ ఆగలేదు. తానే గడ్డపార పట్టింది. బండలు ఒక్కొక్కటే పడగొడుతుంటే ఆ చప్పుడుకు అనంతయ్య వంటింట్లో గిన్నెలు కదిలాయి. అంతా తీశాక, చూడడానికి వచ్చిన నర్సింహుల్ని నిలదీసింది.

"మంచం ఏస్కోవద్దని ఖానూన్ ఉన్నదా?"

"లేదు."

"గొంగడి కప్పుకోవద్దని?"

"అదెక్కడుంటది బుగ్గవ్వా?"

ఆ జాగాలోనే, అనంతయ్య వంటింటి కిటికీకి ఎదురుగా, మంచం వేసింది. నాలుగు కట్టెలు పాతి పైన గొంగడి కట్టింది. మందల వెంట దేశాలు పోయేవాళ్లకు అదేమన్నా కొత్తా? బుగ్గమ్మ బీరన్నను కన్నది అట్లాంటి గొంగడి కిందనే. డాక్టరు చెప్పిన గాలి నాలుగు దిక్కుల నుంచీ కొట్టింది. రుక్కమ్మకు ఆకలి పుట్టింది. పొద్దున లేచి మంచం మీద కూర్చుని, నిదానంగా తల దువ్వుకునేది. ఎదురుగా సుమిత్రమ్మ పొయ్యి ముందు కూర్చునేది. ఇద్దరి మధ్య ఇప్పుడు అడ్డు లేదు. కిటికీ మూస్తే వంటిల్లంతా పొగ. తెరిస్తే రుక్కమ్మ. రుక్కమ్మ ఏమీ అనేది కాదు, కళ్లు తిప్పకుండా చూసేది. అంతే. సుమిత్రమ్మకు కూరలో ఉప్పు వేసిందీ లేనిదీ గుర్తుండకుండా పోయింది.

కడకు ఒకరోజు కిటికీలోంచే పిలిచింది. "బుగ్గమ్మా, ఆ గోడ మల్ల ఏస్కోరాదు? మేమేం అనం."

"గోడ నాకెందుకు పటేలమ్మా? మాకు గాలి మంచిగున్నది. గోడ మీకు గావాలె. మీకు గావాలంటే మీరే కట్టుకోండ్రి. ఖానూన్ యాదికి పెట్టుకోండ్రి మరి. రెండు గజాలు ఇడిశిపెట్టి కట్టాలె."

రెండు గజాలు వదలాలంటే వంటిల్లు సగం కూలగొట్టుకోవాలి. సుమిత్రమ్మ కిటికీ ధడాలున మూసింది. పొగకు దగ్గుతూ మళ్లీ తెరిచింది. ఆ దగ్గు విని రుక్కమ్మ నవ్వింది. గుట్ట దిగి వచ్చాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

అనంతయ్య తానే దఫ్తరుకు నడిచి, గది కట్టుకోవడానికి మాకు అభ్యంతరం లేదని కాగితం మీద దస్తకత్ చేసి వచ్చాడని తెలిసినప్పుడు బుగ్గమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "ఆని దస్తకత్ ఎవనికి గావాలె? నా బిడ్డ గొంగడి కిందనే ఉంటది!" అని అరిచింది.

"వానొస్తది అవ్వా," అంది రుక్కమ్మ. "నీ కోపానికి నేను తడవాల్నా? తీస్కో."

బుగ్గమ్మ పళ్లు నూరింది. కాసేపు గొర్లను తిట్టింది, బీరన్నను తిట్టింది. చివరికి, "సరే. దఫ్తరుకు మాత్రం నేను రాను. ఈడికే తెచ్చి సదవాలె," అంది.

నర్సింహులు పర్మిషన్ కాగితం తెచ్చాడు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. పెద్ద పెద్ద చినుకులు గొంగడి మీద పడుతున్నాయి. మంచం పక్కన నిలబడి చదివాడు. తేదీ చదివాడు, గల్లీ పేరు చదివాడు, రెండు గజాల నిబంధన సడలించినట్టు చదివాడు. తర్వాత, "ఇంటి వెనక జాగాలో, ఒక మనిషి ఉండే గది కట్టుకొనుటకు అనుమతి," అని చదివి ఆగాడు.

రుక్కమ్మ దువ్వెన పక్కన పెట్టింది.

"ఏమన్నవ్? మల్ల సదువు," అంది బుగ్గమ్మ.

"ఒక మనిషి ఉండే గది."

బుగ్గమ్మ కళ్లు తుడుచుకోలేదు. అనంతయ్య కిటికీ వంక వేలు చూపించింది.

"జర గట్టిగ సదువు నర్సింహులూ. ఆ వంటింట్లకు ఇనపడాలె."