రాణిగారి ఆఖరి ఇరవై రెండు పేజీలు

ముందే ఒప్పుకుంటున్నాను. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. మా ఇంట్లో ఎలుక కనబడితే, నేను వీధి మలుపు చేరేసరికి అది పందికొక్కు అవుతుంది, పత్తి మండీకి చేరేసరికి నల్లమల నుంచి దిగిన చిరుతపులి అవుతుంది. మా ఆవిడ నా మాటల్లోంచి ముప్పాతిక తీసేసి మిగిలిన పావలా వంతే నమ్ముతుంది. మీరు సగం తీసేస్తే చాలు. వయసు మీద పడింది, మునుపటంత పెంచే ఓపిక నాకూ లేదు.

అయిదేళ్ల కిందటి సంగతి. కర్నూలు రాజధానిగా ఉండిన రోజులు. నేను నంద్యాలలో ఒక పత్తి మండీలో గుమాస్తాను. ఆరు రోజులు బోరాలు తూకం వేయించి, ముక్కులోనూ చెవుల్లోనూ దూది నింపుకుని ఇంటికి పోయేవాణ్ణి. నన్ను పిండితే ఒక పరుపుకు సరిపోయేది. దేవుడు కూడా ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు విశ్రమించాడని మా వీధి పాస్టరుగారు చెబుతుండేవారు. ఆ దేవుడు మా షావుకారు దగ్గర కొలువులో లేడు.

మా షావుకారుకు ఆళ్లగడ్డలో దొరల నగరు వాళ్లతో పాత స్నేహం. వాళ్ల చేల పత్తి మా మండీకే వచ్చేది. ఆ నగరులో పెద్ద దొరసానికి చూపు పోయింది కానీ కథల మీద మోజు పోలేదు. "ఆదివారం పోయి రెండు గంటలు సదివి పెట్టి రాప్పా. నీ నోరు యాడా ఊరికే ఉండదు కదా" అన్నాడు షావుకారు. కాదనడానికి నాకు నోరు రాలేదు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పాతిక మైళ్లంటారు. కొలిచినవాడు జీపులో పోయి ఉంటాడు. మా బస్సులో అది మూడు వందల మైళ్లు. కిటికీకి అద్దం లేదు, సీటుకు మెత్త లేదు, డ్రైవరుకు తొందర లేదు. శనగ మూటల మధ్య నేనూ ఒక మూటనై కూచునేవాణ్ణి. దిగేసరికి దుమ్ములో నన్ను నేనే ఆనవాలు పట్టలేకపోయేవాణ్ణి. తిరుగు బస్సు నాలుగున్నరకు. అది తప్పితే మళ్లీ సోమవారం పొద్దున్నే. సోమవారం నేను ఆలస్యంగా పోతే షావుకారు ఏమీ అనడు, గడియారం వైపు చూస్తాడు. ఆ చూపు కంటే తిట్టే నయం.

నగరు అంటే గొప్పగా ఊహించుకోకండి, ఆ పని నాకు వదిలేయండి. ఒకప్పుడు పాళెగాళ్లుగా ఏలిన వంశం. రాజ్యంలో మిగిలింది ఏనుగు పట్టే తలుపు ఒకటి, కాళ్లు విరిగిన పల్లకీ ఒకటి, వాళ్ల ముత్తాతల కత్తి ఒకటి. ఆ కత్తితో పశువులకు సొప్ప నరికేవారు. ఇంట్లో ఇద్దరే ఆడవాళ్లు. డెబ్బై ఏళ్ల పెద్ద దొరసాని, ఆమె కోడలు, ముప్పై రెండేళ్ల చిన్న దొరసాని. కొడుకు జ్వరంతో పోయి తొమ్మిదేళ్లయింది. పెద్దామె మగడు పోయి నలభై ఏళ్లు. పెద్దామె వసారాలో మంచం మీద, చిన్నామె తలుపు చాటున చేటతో. నేను నడుమ ఎక్కడో స్టూలు మీద.

ఆ వేసవిలో చదివిన పుస్తకం నంద్యాల స్టేషను దగ్గరి అద్దె పుస్తకాల అంగడిలోది. కొత్త కాలపు ప్రేమ నవల. ఒక సంస్థానం రాణి, విధవ, సొంతంగా కారు నడుపుతుంది, ఫోనులో మాట్లాడుతుంది. ఆమె గుర్రానికి జబ్బు చేస్తే గుర్రాల డాక్టరు వస్తాడు. ఆ డాక్టరు మీద రాణికి మనసవుతుంది. ఒక్కో అధ్యాయంలో ఆమె ఏడు చీరలు మార్చేది, నలభై సార్లు నిట్టూర్చేది. ఆ నిట్టూర్పులన్నీ నేనే విడవాలి. రెండు గంటలయ్యేసరికి నాలో గాలి మిగిలేది కాదు.

"ఆ గుర్రానికి ఏం రోగమప్పా, నెల దినాలుగా తగ్గదు" అని అడిగింది ఒక ఆదివారం పెద్ద దొరసాని.

నేను సమాధానం వెతుక్కునేలోపల తలుపు చాటు నుంచి వచ్చింది. "రోగం గుర్రానిది కాదులే అత్తా."

ఆ మాటకు వసారా చివర సుత్తి చప్పుడు ఆగింది. సుత్తి ఎవరిదంటే, బేతంచెర్ల నుంచి నాపరాళ్లు తెచ్చి నగరు వసారాకు బండలు పరుస్తున్న ఆయనది. సొంత గని ఉంది, లారీ ఉంది, కింద పనివాళ్లు ఉన్నారు. అయినా ఆయనే వచ్చి కూచుని ఒక్కడే పరుస్తున్నాడు. నలభై ఏళ్లుంటాయి, పెళ్లాం పోయినవాడు. కనుబొమల మీద పేరుకున్న రాతిపొడిని దులిపితే ఒక అరుగు కట్టవచ్చు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ, అందులో ఆరు "ఆ".

ఆయన బండ పరిచి, చెక్క పిడితో తట్టి, చెవి పెట్టి వినేవాడు. కింద సున్నం, ఇసుక సరిగా కూడకపోతే బండ బోలుగా పలుకుతుందట. అలా పలికితే లేపి మళ్లీ పరచాలి. పెద్ద దొరసాని కళ్లతో చూడలేదు గనక చేతికర్రతో తట్టి చూసేది. "ఇది బోలు. లేపప్పా" అనేది. ఆయన "ఆ" అని లేపేవాడు. నాకైతే అన్ని బండలూ ఒక్కలాగే వినబడేవి. పదిహేను రోజుల పని నాలుగు నెలలు సాగింది. కొన్ని బండలు ఆమె లేపమన్నవి, కొన్ని ఆయనే బోలు అని తనకు తాను లేపుకున్నవి. అలా లేపుకున్న రోజుల్లో తలుపు చాటున చేట చప్పుడు కొంచెం నెమ్మదించేది. ఆయనకు మజ్జిగ మాత్రం పనిమనిషి తెచ్చి గడప మీద పెట్టిపోయేది. ఆ ఇంటి కోడలు పరాయి మగవాడి చేతికి చెంబు అందించడం ఆ నగరులో లేదు.

వేసవి చివర ఆయన పెద్ద దొరసాని ముందు నిలబడి, ఆ వారం మాటలన్నీ ఒకేసారి ఖర్చు పెట్టాడు.

"అమ్మా, చిన్నమ్మను నాకియ్యండి. బాగా చూసుకుంటా."

నేను అక్కడే ఉన్నాను. కొండ విరిగి పడినట్టయింది అని రాద్దామనుకున్నాను కానీ, నిజానికి ఒక కోడి మాత్రం పక్కకు జరిగింది.

"మా నగర్లో మారుమనువు లేదప్పా. ఏడు తరాల్లో లేదు" అంది ఆమె.

"ఆ" అన్నాడాయన.

"బండలు కానీ. చెప్తా."

"ఎప్పుడు చెప్తారమ్మా?"

"ఆ రాణి ఏం చేస్తాదో చూడనీ ముందు" అని నా వైపు గడ్డం చూపింది. ఆమె పరిహాసమాడిందో, నిజంగానే అందో ఇప్పటికీ తెలియదు. ఆయన మాత్రం నా వైపు అప్పు తీసుకున్నవాణ్ణి చూసినట్టు చూశాడు.

తరువాతి ఆదివారం నేను గడప దాటుతుండగా చిన్న దొరసాని ఎదురొచ్చింది. అంతకు ముందు నాతో ఎదురుగా మాట్లాడింది లేదు.

"ఏమప్పా, ఆ పుస్తకంలో చివరికి ఏమయితాది?"

నేను బస్సులో చివరి దాకా చదివేశాను. రాణి డాక్టరును పంపేస్తుంది, తెల్లచీర కట్టుకుంటుంది, మగని పటం ముందు కూచుని ఇరవై రెండు పేజీలు దగ్గి చచ్చిపోతుంది.

"ఇంకా చదవలేదమ్మా" అన్నాను.

"నీకు అబద్ధం చెప్పను రాదప్పా. పెంచను వస్తాది, అంతే." చేటలో రాయి ఒకటి ఏరి పారేసింది. "నాకు ముప్పై రెండేండ్లు. ఇంగ ముప్పై ఏండ్లు ఈ తలుపు సందున బియ్యం ఏరుకుంటా కూచోవల్ల. అత్తకు ఎదురుచెప్పి పోయేదాన్ని కాను నేను. ఆమెకు నేను తప్ప ఎవురున్నారు? ఆమె సరే అంటేనే."

ఆమె కంట్లో నీరు తిరిగింది. ఆ నీటికి నా గుండె వెన్నలా కరిగి, చొక్కా జేబులోంచి కారింది. ఆ క్షణాన నిశ్చయించుకున్నాను. ఆ రాణిని నేను చావనివ్వను.

ఆ మధ్యాహ్నం ఎండకు కాకులు కూడా నోరు తెరిచి కూచున్నాయి. వసారాలో ఒక్క బండే మిగిలింది. ఆయన దాన్ని పరిచి, తట్టకుండా, సుత్తి ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. చేట చప్పుడు లేదు. నేను చదువుతూ చదువుతూ తెల్లచీర దగ్గరికి వచ్చాను. గొంతు సవరించుకున్నాను. ఇక పుస్తకం వైపు చూడలేదు.

రాణి తెల్లచీరను బీరువాలో పెట్టి తాళం వేసిందన్నాను. కారులో పెట్రోలు లేకపోతే బస్సెక్కిందన్నాను, శనగ మూటల మధ్య కూచుందన్నాను. డాక్టరు ఊళ్లో దిగి, "నాకు చీరలు మార్చి మార్చి విసుగొచ్చింది, పెళ్లి చేసుకుందాం" అందన్నాను. గుర్రం కూడా పెళ్లికి వచ్చిందన్నాను. గుర్రానికి పూలదండ వేశాక ఇంకేం వేయాలో తోచక ఆగాను.

పెద్ద దొరసాని నా గొంతు వైపు తల తిప్పింది.

"ఆ రాణికి అత్త లేదా అప్పా?"

పుస్తకంలో లేదు. మూడు వందల పేజీలు వెతికినా అత్త అనే మనిషి లేదు. "ఉందమ్మా" అన్నాను. "చివర్లో వస్తుంది."

"ఏమంటాది?"

నోటికి వచ్చింది అనేశాను. "పోయి రామ్మా, అంటుంది. నా గతి నీకొద్దు, అంటుంది."

"ఆ యమ్మకేం, పుస్తకంలో మనిషి. రెండు మాటలని లేచిపోతాది" అంది పెద్దామె. చేతికర్ర కోసం మంచం పక్కన తడిమింది. దొరికించుకుని, ఆ కడపటి బండను మూడు చోట్ల తట్టింది. మధ్యలో ఒకసారి, అంచున ఒకసారి, మళ్లీ మధ్యలో.

"ఇది గట్టిగానే ఉండాది" అంది. తలుపు వైపు తిరిగింది. "ఏమ్మే, ఆయన పొద్దుట్నుంచీ ఎండలో కూచున్నాడు. మజ్జిగ తెచ్చియ్యి. పనిదానితో పంపొద్దు, నువ్వే ఇయ్యి."

చిన్న దొరసాని చెంబుతో వచ్చింది. గడప మీద పెట్టలేదు. ఆయన రెండు చేతులూ పంచెకు తుడుచుకుని అందుకున్నాడు. అందుకుని "ఆ" అన్నాడు.

అహోబిలంలో పెళ్లి జరిగింది. పదకొండు మంది వచ్చారు. నేను పదకొండు వేలు అని చెబుతూ వచ్చాను ఇన్నాళ్లూ. పెళ్లయ్యాక ఆమె బండల లారీలో ముందు సీటులో కూచుని బేతంచెర్ల పోయింది. పోయేముందు అత్త కాళ్లు పట్టుకుంటే, ఆమె తల మీద చెయ్యి వేసి, "దుమ్ము తలకెక్కుతాది, గుడ్డ కట్టుకో" అంది, అంతే.

ఆ తరువాత కూడా నేను ఆదివారాలు పోతూనే ఉన్నాను. వసారా చల్లగా, బోసిగా ఉండేది. పెద్దామెకు వంటకు ఒక ముసలామె కుదిరింది. నెలకొకసారి లారీ వచ్చి ఆగేది, కోడలు దిగి రెండు రోజులుండి పోయేది. కార్తీకంలో కాబోలు, ఏదో పుస్తకం చదువుతుంటే పెద్దామె చెయ్యెత్తి ఆపింది.

"ఇప్పుడు పేజీ తిప్పినావు."

"అవునమ్మా."

"ఆ పొద్దు తిప్పలేదు. గుర్రానికి దండ ఏసిందాకా ఒక్కసారి గూడా తిప్పలేదు. ఆడ నీ సదువు బోలుగా పలికింది."

నా నోరు నాలుగేళ్ల పాటు తెరుచుకునే ఉండిపోయింది.

"ఆ రాణి చచ్చిపోయింటాదిలే" అంది ఆమె.

"మీకెట్లా తెలుసమ్మా?"

"నలభై ఏండ్లు నేనున్నా కదప్పా ఇట్ల. రాణులకు ఏమయితాదో నాకు తెల్దా?" కర్రతో బండను ఊరికే ఒకసారి తట్టింది. "నీ గుర్రాన్ని చూసి నేను సరే అనలేదు. ఆ పిల్లోడు నేను లేపమన్న బండనల్లా లేపినాడు. ఒక్కనాడు ఎందుకని అడగలేదు. ఆ మాట నా నోట రావల్లంటే నామోషీ అయ్యింది. ఎవురో ఒకరు ఈ ఇంట్లో పైకి అనేదానికి కాచుకోనుంటి. నువ్వన్నావు. సదువింక."

ఆమె పోయిన సంవత్సరం కన్నుమూసింది. ఆదివారాలు ఇప్పుడు నావే. ఏం చేసుకోవాలో తెలియక పడుకుంటున్నాను.

ఇక నేను కల్పించిన భాగం చెప్పాలి. పెద్దామె మాటలు కల్పించలేదు. అవి పెంచడానికి నాకు ధైర్యం చాలదు. బండలు, మజ్జిగ, లారీ, అంతా జరిగిందే. చిన్న దొరసాని గడప దగ్గర అడిగిన మాటా నిజమే, కానీ ఆమె కంట్లో నీరు లేదు. నా గుండె కరగడం అబద్ధం. రాణిని చావనివ్వకూడదన్న నిశ్చయమూ అబద్ధం. ఆ జంట ఇప్పటికీ నన్ను తమ పాలిటి పెద్దమనిషి అనుకుంటారు, మా వాకిట్లో ఊరికే ఆరు బండలు పరిచి పోయారు, అందుకని ఇన్నాళ్లూ చెప్పలేదు.

జరిగింది ఇది. తెల్లచీర దగ్గరికి వచ్చేసరికి నాలుగు దాటింది. ఇంకా ఇరవై రెండు పేజీలున్నాయి, పేజీకి రెండు దగ్గులు. ఆరు రోజుల దూది నా మెడలో, నడుములో, కళ్ల వెనక ఉంది. చచ్చేదానికి అన్ని పేజీలు పడితే, పెళ్లి ఐదు నిమిషాల్లో అయిపోతుందని తోచింది. నాకు నాలుగున్నర బస్సు కావాలి. అందుకే ఆమెకు పెళ్లి చేశాను.

పెద్దామె ఆ రాణి అత్త సంగతి అడిగేసరికి ఆ బస్సు కూడా పోయింది.