తెల్ల దుప్పటి మీద గేర్‌బాక్స్

మా కోడలికి కోపం రాదు. అదే ఆమెతో వచ్చిన చిక్కు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది, ఎదుటి మనిషి కూడా నాలుగు మాటలంటేనే నాకు తృప్తి. ఆమె మాత్రం పళ్ళు బిగించి పని చేసుకుపోతుంది. పెళ్ళికి ముందు కార్ల విడిభాగాల దుకాణంలో కౌంటర్ దగ్గర ఉండేదట. ఏ ముక్క చేతికిచ్చినా అది ఏ బండిలో ఎక్కడ ఉండాలో చెప్పేస్తుంది. మా ఇంటికొచ్చాక ఒక పాత కారు కొనుక్కుని, నడవలేని పిల్లల బడికి నలుగురిని రోజూ దింపి తీసుకొచ్చే పని పెట్టుకుంది. చక్రాల కుర్చీలు మడిచి కారు పైన కట్టడం, పిల్లల్ని ఎత్తి కూర్చోబెట్టడం, అన్నీ ఆమే.

ఆ కారులో మూడో గేరు నిలిచేది కాదు. బడి దారిలో ఎత్తు ఎక్కుతుంటే గేర్ రాడ్ ఠక్కున వెనక్కి తన్నేది. వెనక సీట్లో కూర్చునే చిన్నపిల్ల ఒకతి "ఎగిరింది" అని కిలకిలా నవ్వేది. కోడలు ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో రాడ్ అదిమి పట్టుకుని ఆరు నెలలు లాక్కొచ్చింది. ఒక శుక్రవారం గేరు ఎగిరి, మళ్ళీ పడక, బండి పిల్లలతో సహా వెనక్కి జారింది. బ్రేకు పట్టింది కాబట్టి సరిపోయింది. ప్రిన్సిపాల్ ఆ సాయంత్రమే చెప్పేసింది, సోమవారానికి బండి బాగైతే సరే, లేకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తామని.

మెకానిక్ కారు కిందికి తొంగి చూసి పెదవి విరిచాడు. "ఇంత ముసలి బండికి గేర్‌బాక్స్ విప్పడం దండగమ్మా. తుక్కు కింద అమ్మేసెయ్."

మావాడు, అంటే నా కొడుకు, ఆ మాటకి వంత పాడాడు. కోడలు ఎవరితోనూ వాదించలేదు. "మీ జాకీ, బేరింగులు లాగే పుల్లర్ రెండ్రోజులు ఇస్తారా?" అని మాత్రం మెకానిక్‌ని అడిగింది.

శనివారం నేను మా చెల్లెలింటికి వెళ్ళాను. ఆదివారం పొద్దున్నే తిరిగొచ్చేసరికి కారు ఇటుకల మీద ఉంది. వసారాలో గేర్‌బాక్స్ ఖాళీ డొల్ల పడి ఉంది. దాని పక్కన, నేల మీద పరిచిన తెల్ల దుప్పటి మీద, దాని పేగులన్నీ బారుగా ఉన్నాయి. ఆ దుప్పటి నాది. హోటల్ లాండ్రీలో ముప్పై ఏళ్ళు పనిచేసి మానేసిన రోజున వాళ్ళిచ్చింది. వైన్ మరకలు, తుప్పు మరకలు, రక్తం మరకలు, నా చేతుల్లో ఓడిపోని మరక లేదని మా సూపర్‌వైజర్ నలుగురిలో చెప్పి మరీ ఇచ్చిన దుప్పటి. దాని మీద నల్లటి నూనె.

కోడలు ఇంట్లో లేదు. మూడో గేరు నిలవకుండా చేస్తున్న అరిగిపోయిన ఇత్తడి రింగుకు బదులు మరొకటి వెతకడానికి పాత సామాన్ల కొట్టుకు వెళ్ళింది. మావాడు ఇంకా గుర్రు పెడుతున్నాడు. నేను చీర కుచ్చిళ్ళు బిగించాను. సాయం చేద్దామనే అనుకున్నాను. అబద్ధమెందుకు, అందులో సగం కోపం. ముక్కలన్నీ ఎత్తి కిరసనాయిల్‌లో కడిగాను. అద్దాల్లా మెరిశాయి. హోటల్లో తువ్వాళ్ళు పేర్చినట్టు చిన్నవి ఒక బుట్టలో, పెద్దవి ఒక బుట్టలో సర్దాను. దుప్పటిని సోడా వేసిన వేడినీళ్ళలో నానబెట్టి, రెండుసార్లు ఉతికి, తాడు మీద ఆరేశాను.

కోడలు ఇత్తడి రింగుతో గేటు తీసుకుని వచ్చింది. బుట్టల్ని చూసింది. మెట్టు మీద అలాగే కూర్చుండిపోయింది.

"శుభ్రంగా కడిగానమ్మాయ్" అన్నాను.

"అవి విప్పిన వరుసలో పెట్టుకున్నానత్తయ్యా. ఏది ముందు, ఏది వెనక, ఏ వైపు పైకి ఉండాలి... ఆ వరుస చూసే మళ్ళీ బిగించాలి."

ఫోన్లో ఫోటో తీసుకోవాల్సింది కదా అని ఇప్పుడు అందరూ అడుగుతారు. అప్పట్లో మా ఫోన్‌కు మాట్లాడటం తప్ప వేరే విద్య రాదు. తప్పయిందని అనాలి. ఆ మాట పుట్టి బుద్ధెరిగాక నేనెవరితోనూ అనలేదు. ఆమె తిడితే నేనూ నాలుగు అని తేలికపడేదాన్ని. తిట్టదే. లేచి, ఒక్కో గేరు తీసి అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చుంది. గంట గడిచింది. కొన్ని గుర్తుపట్టింది. కొన్ని కవలల్లా ఉన్నాయి.

అక్కడ నిలబడలేక దుప్పటి ఆరిందేమో చూద్దామని వెళ్ళాను. ఎండ దాని వెనక నుంచి పడుతోంది. చూస్తే ఒళ్ళు మండిపోయింది. మరకలు పోలేదు. రెండు ఉతుకులకీ లొంగకుండా, లేత బూడిద రంగులో గుండ్రాలు, ఒకదాని పక్కన ఒకటి, ఈ కొస నుంచి ఆ కొస దాకా బారుగా.

బారుగా.

"అమ్మాయ్" అని పిలిచాను. "ఇలా రా. తొందరగా."

తడి దుప్పటిని వసారాలో పరిచాం. ఆమె పెద్ద గేరు తెచ్చి పెద్ద గుండ్రం మీద పెట్టింది. అంచుకు అంచు సరిపోయింది. ఆ తర్వాతది, ఆ తర్వాతది. చివరికి ఆ కవల ముక్కలు రెండు మిగిలాయి, వాటి గుండ్రాలు కూడా ఒకే కొలత. ఆమె తల పట్టుకుంది. మరకల సంగతి నన్నడగాలి. మోకాళ్ళ మీద వంగి చూశాను.

"ఇక్కడ గీత సన్నం. అక్కడ పట్టీలా వెడల్పు. ఆ ముక్కలకి కింద అంచు ఎలా ఉందో చూడు."

ఒకదానికి అంచు సన్నగా పొడుచుకొచ్చి ఉంది, రెండోదానికి చదును. ఆమె మొదటిదాన్ని సన్న గీత మీద, రెండోదాన్ని పట్టీ మీద పెట్టింది. సరిపోయాయి. అప్పుడు నా వైపు చూసి నవ్వింది, ఆ రోజు అదే మొదటిసారి.

మధ్యాహ్నానికి అన్నీ షాఫ్ట్ మీదికి ఎక్కాయి. మూత బిగించాక బుట్ట అడుగున పల్చటి రింగు ఒకటి కనిపించింది. "అంత చిన్నదానికేమవుతుందిలే" అన్నాడు మావాడు. ఆమె మూత మళ్ళీ విప్పింది. దాని మరక దుప్పటి మడతలో దొరికింది. సగం ముక్కలు ఊడదీసి, దాని చోట దాన్ని వేసి, మళ్ళీ మొదటినుంచి బిగించింది. నేనూ మావాడూ జాకీ మీద గేర్‌బాక్స్‌ను పైకి లేపితే, కింద పడుకుని ఇంజిన్‌కు కలపబోయింది. మూడుసార్లు అది దాని చోట్లో కూర్చోలేదు. నాలుగోసారి కూర్చుంది. అప్పటికి ఇంకా పొద్దు కుంకలేదు.

సోమవారం ఉదయం ముందు సీట్లో నేనెక్కాను. ఎవరూ రమ్మనలేదు. పిల్లలు నలుగురినీ కోడలు ఎత్తి వెనక కూర్చోబెట్టింది. ఎత్తు మొదలైంది. ఆమె మూడో గేరు వేసి, అలవాటుగా రాడ్ అదిమి పట్టుకుంది. వేళ్ళు తెల్లబడేలా పట్టుకుంది.

"వదిలెయ్" అన్నాను.

ఒక్కో వేలూ తీసింది. చెయ్యి గాల్లోనే ఉంచింది. శుక్రవారం వెనక్కి జారిన చోటు వచ్చింది, దాటిపోయింది. రాడ్ కదల్లేదు.

వెనక నుంచి చిన్నపిల్ల నిరుత్సాహంగా అడిగింది. "ఇవాళ ఎగరలేదేం ఆంటీ?"

కోడలి కళ్ళు నిండాయి. నావీ నిండాయి. నిన్నటి నుంచి గొంతులో పెట్టుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"తప్పయిందమ్మాయ్. నీ వరుసంతా చెడగొట్టాను."

ఆమె దారి మీంచి చూపు తిప్పలేదు. "తెలుసత్తయ్యా. గట్టిగా పట్టుకోండి, మలుపొస్తోంది."