కొండెక్కిన రజాయి

ఆ రోజుల్లో మా ఇంట్లో గాలిని కూడా ముక్కూమొహం తెలియనివాణ్ణి చూసినట్టే చూసేవాళ్లు. "యాడ తిరిగి వచ్చిందో ఏమో, కిటికీ మూయండే" అనేది అవ్వ. ఆదోనిలో పత్తి వ్యాపారుల వీధి మాది. కింద అంగడి, గోదాము, పైన మేము. పత్తి కాలం వచ్చిందంటే నూగు తేలుతూ వచ్చి దేవుడి పటాల మీద, కంచంలో అన్నం మీద, పాలగిన్నెలో వాలేది. అవ్వ వేలితో పక్కకు తోసి "లక్ష్మి పడింది, మంచిదే. తాగు" అనేది. (అలా నేను తాగిన లక్ష్మి ఎంతో ఆ తల్లికే తెలియాలి.) పత్తి అన్నం పెట్టింది, నగలు పెట్టింది, పెళ్లిళ్లు చేసింది. దాన్ని దుమ్ము అనడానికి మాలో ఎవరికీ నోరు రాదు.

ఆయాసం మాత్రం మా ఇంట్లో ఆస్తిలాగా తరాలు దిగేది. తాతకుండేది, నాన్నకొచ్చింది, ఆయన నాకూ కొంచెం రాసిచ్చారు. రొమ్ము బలహీనమని నన్ను బడికి పంపలేదు. నాన్నే సాయంత్రాలు దగ్గుకూ దగ్గుకూ మధ్య చదువు చెప్పారు. దేశదేశాల పర్వతాల పేర్లు ఒప్పజెప్పేదాన్ని గానీ, మిద్దె మీదినుంచి రోజూ కనిపించే రణమండల కొండను ఒక్కసారీ ఎక్కి ఎరగను. అయినా ఆ కాస్త చదువు దక్కినందుకు ఇప్పటికీ పూజలో ఒక పువ్వు ఎక్కువే పెడతాను. నన్ను చదివించిన ఆ గొంతు, నాకింకా ఇరవై నిండకముందే, మా అందరి ఎదుటే గాలి అందక ఆగిపోయింది.

ఆ మరుసటేడే అన్న కూతురికి మొదలైంది. నాలుగేళ్ల పిల్ల. ఊపిరి తీస్తే లోపలెవరో బూర ఊదినట్టు సన్నగా మోగేది కాబట్టి 'పీపీ' అని పిలిచేవాళ్లం. (ఏడవడానికి భయపడే ఇళ్లలో ఇలాంటి ముద్దుపేర్లే పుడతాయి.) వదిన పుట్టిల్లు ఎమ్మిగనూరు. ఆ ఊరి డాక్టరుకే చూపించాం. ఆయన పిల్ల వీపు మీద చాలాసేపు విన్నాడు.

"ఇట్లనే వదిలేస్తే ఒకరోజు నా దాకా తీసుకొచ్చే టైముండదమ్మా. మందు పీల్చే పంపు ఇస్తాను. కానీ ముందు ఆ దుమ్ములోంచి పిల్లను బయటపడేయండి. పొద్దున్నే కొండకో చేనుకో తీసకపోయి ఆడుకోనీండి" అన్నాడు.

అవ్వకు రోషం పొడుచుకొచ్చింది. "దుమ్మా? దినామూ రెండు తూర్లు కసువు కొడతాం డాక్టరప్పా! పత్తి తప్ప మా ఇంట్లో ఏముండాదని?" ఆయన నోరు తెరిచేలోపు లేచేసింది.

ఇంటికొచ్చాక మాత్రం మెత్తబడింది. "గాలే మందైతే, గాలిదేవుని కొడుకు మన రణమండల కొండమీదనే ఉండాడు గదా. ఆంజనేయసామి ప్రాణదేవుడు. ఆయప్ప దగ్గరికే పోదాం పదండి."

ఇక ప్రయాణ సన్నాహం చూడాలి. పిల్లకు చలి కొట్టకుండా కొత్త పత్తి కూరి కుట్టించిన రజాయి, ఒత్తుకోకుండా మెత్తటి దిండు, చెవుల్లో దూది, గొంతుకు మఫ్లరు. కుదుపు తగలకుండా అంగడి మినీ లారీ. దాని అడుగున మిగిలిపోయిన పత్తి మీదే పీపీని పడుకోబెట్టారు. నాకు గొడుగు పట్టే ఉద్యోగమిచ్చారు. ఎండ తగలకుండా పిల్లకూ, గాలి తగలకుండా నాకూ! ఆరుబయటికి పోతూ మా ఇంటినంతా మూటగట్టి వెంట తీసుకుపోయాం.

సగం మెట్లెక్కి ఒక బండ మీద రజాయి పరిచి, పిల్లను పడుకోబెట్టి, మిగిలిన సగం కప్పింది అవ్వ. కాసేపటికి బూర మోత పెరిగింది. ఆ తరువాత మోత ఆగిపోయింది. మోత ఆగిందంటే లోపల గాలే ఆడనట్టు; అదే భయం. పంపు పెట్టినా పెదవులు నేరేడు రంగుకు తిరుగుతున్నాయి.

"కొండగాలి తగిలింది! ఇంగా బాగా కప్పవే" అంది అవ్వ.

అవ్వ ఎదుట ఎన్నడూ గొంతెత్తని వదిన ఆ రోజు ఎత్తింది. "కప్పొద్దవ్వా! నా బిడ్డను సంపొద్దు!" రజాయిని లాగి విసిరికొట్టి, పిల్లను భుజాన వేసుకుని, గాలి వచ్చే వైపు మొహం తిప్పి నిలబడింది. మఫ్లరు పీకేసి మళ్లీ పంపు పెట్టింది. నేను గొడుగు పట్టుకునే ఉన్నాను, మనసులో స్వామిని పిలుస్తూ. (చేతులకు వేరే పని తోచలేదు.)

అంతలో ఒక ముసలి కోతి దిగివచ్చి దిండు ఎత్తుకుపోయింది. ఎదురుగా ఇంకో బండ మీద కూర్చుని, లోపల తినేదేదో ఉందన్న ఆశతో పళ్లతో చీల్చింది. ఏటవాలు ఎండలో పత్తి ఎగిరింది. దానితో పాటు పొగలాగా సన్నటి ధూళి లేచింది. ఇంట్లో ఏనాడూ మా కంటికి ఆనని ధూళి. కోతి తుమ్మింది. ముక్కు రుద్దుకుని మళ్లీ తుమ్మి, దిండును మా వైపే విసిరి, చాలా అసహ్యంగా చూసి వెళ్లిపోయింది.

వదిన భుజం మీదినుంచి సన్నటి కిచకిచ వినిపించింది. పీపీ నవ్వుతోంది. మధ్యలో దగ్గు, మళ్లీ నవ్వు. పెదవులకు నెమ్మదిగా రంగు వచ్చింది.

అవ్వ ఆ పత్తినే చూస్తూ కూలబడింది. "సామికే పడలేదే" అంది మెల్లగా. డాక్టరు మాట చెవికెక్కని మనిషికి కోతి తుమ్ము ఎక్కింది. నేను నవ్వబోయాను. అప్పుడే నా వైపు తిరిగి అంది: "మీ నాయినకు గూడా కడాన నేనే కప్పినానే, తల్లీ. సలి పెడతాండాదేమోనని."

ఆమె పక్కనే కూర్చున్నాను. దిగేటప్పుడు రజాయిని ఎవరమూ ముట్టుకోలేదు. ఆ నెలలోనే, అన్న ఎంత గొణిగినా వినక, అవ్వ కాపురాన్ని కొండ కింది ఇంటికి మార్పించింది. అంగడి నుంచి వచ్చినవాళ్లు స్నానం చేస్తేగానీ పిల్లను ముట్టుకోకూడదు. మోకాళ్లు మొరాయించేదాకా పీపీ చెయ్యి పట్టుకుని తానే మెట్లెక్కేది.

అవ్వ ఇప్పుడు లేదు. పీపీ కాలేజీకి పోతోంది. ఆదివారం పొద్దున మేమిద్దరం మా పాత వీధికి పోయి, తలుపులు తట్టి, పిల్లల్నీ తల్లుల్నీ కొండకు పిలుచుకొస్తాం. ఎవరో ఒకరు దుప్పటి తెస్తారు. వాళ్ల మనసు నొప్పించకుండా దాన్ని మెట్ల దగ్గరే పెట్టిస్తాం. అందరికీ ఇల్లు మార్చే దారి ఉండదు. కొందరు పిల్లలు ఉన్నట్టుండి రావడం మానేస్తారు. ఎందుకని అడగబోయి, ఆ గడప దగ్గర అడగలేక తిరిగొచ్చిన రోజులున్నాయి. వచ్చినవాళ్లకు స్వామి ఇచ్చిన ఆ పూట ఊపిరికి దణ్ణం పెట్టుకుంటాను. తుమ్మిన కోతి వంశానికి కూడా.

"అత్తా, యాడుండావు? రా బిరీన!" అని పీపీ పైనుంచి కేకేస్తుంది. నా రొమ్ములో ఇప్పటికీ బూర మోగుతుంది గనుక, ఆ పాత బండ దగ్గర కాసేపు ఆగుతాను. అక్కడ ఆనాటిలాగే గొడుగు పట్టుకుని ఒక పిల్ల నిలబడినట్టే ఉంటుంది నాకు. తలలో లోకంలోని పర్వతాలన్నీ ఉన్నాయి; కాళ్ల కింద ఉన్న కొండ మాత్రం తెలియదు. ఆమెను చూస్తే నవ్వొస్తుంది, కళ్లూ తడుస్తాయి. ఇంక ఆ గొడుగు మూసెయ్యవే, తల్లీ, అనాలనిపిస్తుంది.