మందును బయటికి తోసిన కణాలు

2003. పంజాగుట్టలోని ఒక ప్రైవేటు ఆస్పత్రి ల్యాబ్‌లో ఫ్లో సైటోమీటర్ మీద పనిచేసేదాన్ని. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతి ముందు నుంచి పంపి, వాటి గుణాలు చెప్పే యంత్రం అది. ఉదయం అమీర్‌పేటలో బస్సు దిగితే ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల పిల్లలే. వాళ్లు కలలుగనే మాదాపూర్ ఆఫీసులకు స్లాబులు వేసిన సెంట్రింగ్ మేస్త్రీ నర్సింహ మాత్రం మా వార్డులో ఉన్నాడు.

బోరబండ మనిషి. లుకేమియా, అంటే రక్తక్యాన్సర్. మొదటి కీమోకు తగ్గి, మళ్లీ తిరగబెట్టింది. రెండోసారి ఏ మందూ పనిచేయలేదు. అతని అన్న యాదయ్య, నర్సింహ భార్య పద్మను వార్డులో అందరి ముందే అనేవాడు.

"నువ్వు తాపిన పసరే మందుకు ఇరుగుడైంది. నా తమ్మున్ని నువ్వే ఖతం జేస్తున్నవ్."

వాంతులు ఆగకపోతే ఎవరో చెప్పిన ఆకుపసరు తాగించిందామె. ఎదురు మాట్లాడేది కాదు.

డాక్టరుగారు అతని ఎముక మజ్జ నమూనా పంపి, మల్టీడ్రగ్ రెసిస్టెన్స్ చూడమన్నారు. అంటే కణాలు ఒకేసారి చాలా మందులకు లొంగకపోవడం. అలాంటి కొన్ని కణాల పొర మీద పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపు ఉంటుంది. లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోసేస్తుంది. ఆ పంపును మాత్రమే పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించి నమూనాలో కలిపాను. క్యాన్సర్ కణాలు దాదాపు అన్నీ మెరిశాయి.

తర్వాత, లేజర్ కాంతికి తనంతట తానే మెరిసే కీమో మందు పోస్తే, కణాలు దాన్ని బయటికి తోసేశాయి. పంపును అడ్డుకునే మరో యాంటీబాడీని కలిపి మళ్లీ పోశాను. ఈసారి మందు కణాల్లోనే నిలిచింది. తెర మీద అది చూసి, వార్డు దాకా వెళ్లి డాక్టరుగారికి చెప్పాను.

ఆ సంగతి నర్సింహ దాకా వెళ్లింది. మర్నాడు రక్తం తీయడానికి వెళ్తే అడిగాడు.

"మేడం, గా మందేదో నాకు సుత ఎక్కియ్యరాదా?"

"అది పరీక్షకేనండీ. మనుషులకిచ్చే మందుగా ఇంకా రాలేదు."

"అంటే సీసాల పన్జేస్తది, నాకు పన్జెయ్యదు."

రక్తం తీసి, సూది గుచ్చిన చోట దూది పెట్టి నొక్కి పట్టుకున్నాను.

డాక్టరుగారు నర్సింహను, ఇంటివాళ్లను తన గదికి పిలిచారు. నన్నూ ఉండమన్నారు. ఇంకో కీమో ఇచ్చినా బాధే మిగులుతుందని చెప్పారు. యాదయ్య మళ్లీ పసరు మాట ఎత్తాడు.

"పసరు వల్లే అనడానికి ఏ ఆధారమూ లేదు," అన్నారు డాక్టరుగారు. "ఆ కణాలే మందును బయటికి నెడుతున్నాయి. పరీక్షలో చూశాం. ఇందులో ఆమె తప్పేం లేదు."

నర్సింహ అన్న వైపు తిరిగాడు. "ఇన్నవా అన్నా? నేను పోయినంక సుత దాన్ని ఏమనొద్దు."

పద్మ అప్పుడు ఏడ్చింది, గది బయటి వాళ్లకు కూడా వినపడేలా.

ఇంటికి తీసుకెళ్లారు. వానలు మొదలయ్యేలోపే పోయాడు.

అంతవరకూ నా రిపోర్టులు డాక్టరు మందు ఎంచుకోవడానికే అనుకునేదాన్ని. ఆ రోజు ఎంచుకోవడానికి మందే లేదు. అయినా పద్మకు ఆ ఫలితం అవసరమైంది. అప్పటినుంచి ఎంత చెడ్డ ఫలితం వచ్చినా, ఇంటివాళ్లకు విడమరచి చెప్పమని డాక్టర్లను అడుగుతూనే ఉన్నాను. కొందరు విసుక్కుంటారు. అయినా అడుగుతాను.