ఇంట్లో లేదన్న మాట

నా మనుమరాలు ఏ రాత్రి ఏ ఊళ్లో, ఏ ఇంట్లో పడుకుంటుందో ముందుగానే ఫోన్‌లో రాసి పంపాలి. రోజుకొక గంట కూడా చెప్పాలి. ఆ గంటలో మందుల పరీక్షవాళ్లు చెప్పాపెట్టకుండా వస్తారు. బలం మందులు మింగి ఉరుకుతోందేమోనని మూత్రం పట్టుకుపోతారు. అప్పుడు మనిషి దొరక్కపోతే తప్పినట్టు రాసుకుంటారు. ఏడాదిలో మూడుసార్లు తప్పితే పరుగు బంద్. ఆమెకు అప్పటికే రెండు తప్పాయి. ఒకసారి రైలు ఆలస్యమైంది, ఇంకోసారి హాస్టల్ మారిన సంగతి రాయడం మరిచింది. ఇవేవీ అప్పుడు నాకు తెలియవు. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. మా ఇద్దరికీ మాటలు తక్కువ.

తొడ నరం పట్టేసి ఇంటికి వచ్చింది. దేశం తరఫున ఉరికి పతకాలు తెచ్చిన పిల్ల, గద్వాలలో బస్సు దిగి, ఎవరూ గుర్తుపట్టకుండా ముఖానికి గుడ్డ చుట్టుకుని, ఆటోలో మా ఊరికి వచ్చింది. సొంఠి, బెల్లం వేసి కషాయం కాచి ఇచ్చాను. తాగకూడదంది. అందులో ఏమేం ఉన్నాయో వాళ్ల డాక్టరు చూడాలట. నా చేతి గ్లాసుకు డాక్టరేమిటి? పారబోయడం ఎందుకని నేనే తాగేశాను.

ఆమె మొదటిసారి గెలిచినప్పుడు గద్వాలలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. గాలికి అది పడిపోతే నేను చుట్టి బస్సులో తెచ్చుకున్నాను. పశుల మేత మీద కప్పాను. ఎండకు వెలిసిపోకుండా ముఖం ఉన్న వైపు లోపలికి వేశాను. ఆమె ఒక కొస ఎత్తి చూసుకుని వదిలేసింది. ఏమన్నా అంటే బాగుండేది.

ఒక పొద్దున నేను వాకిట్లో పేడనీళ్లు చల్లుతున్నాను. ఆమె లోపల పడుకుని ఉంది. జీపొకటి వచ్చి ఆగింది. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి దిగారు. మెడల్లో కార్డులున్నాయి. కూలీలను దూరం పనులకు తోలుకుపోయే మేస్త్రీలు కూడా ఈ మధ్య అలాంటివి వేసుకుంటున్నారు. మగమనిషి నా మనుమరాలి పేరు చెప్పి ఉందా అని అడిగాడు.

"ఇంట్ల లేదు. ఊరికి పోయింది," అన్నాను తలెత్తకుండా.

ఆ మాట నాకు కొత్త కాదు. నా కొడుకూ కోడలూ అలాంటి జీపులోనే పుణె వైపు పనికి పోయారు. పిల్లను కూడా ఎక్కించమన్నాడు మేస్త్రీ, చిన్న చేతులకూ పని ఉంటుందని. నేను దాన్ని గింజల గుమ్మి వెనక కూర్చోబెట్టి, ఇంట్ల లేదు, మేనత్త ఊరికి పోయింది అన్నాను. జీపు కదిలింది. కొడుకూ కోడలూ అక్కడే ఉండిపోయారు. పిల్ల నాకు మిగిలింది. ఆటో దండగని బడికి నడిపించాను, అది ఉరికింది. డ్రిల్లు సారు చూశాడు. వనపర్తి పోటీలు, నాగర్‌కర్నూల్ పోటీలు, ఆ తర్వాత హైదరాబాద్ హాస్టల్. ఇంట్లో నేనొక్కదాన్నే అయ్యాను. కానీ ఆ రోజు ఆ మాట అనకపోతే ఇవేవీ లేవని నా నమ్మకం. అందుకే జీపులో ఎవరు వచ్చినా నోటికి అదే వస్తుంది.

మగమనిషి గడియారం చూసుకున్నాడు. "పర్వాలేదమ్మా, గంట అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటాం," అని అరుగు మీద కూర్చున్నాడు.

ఆనాటి మేస్త్రీ కంటే మొండివాడనుకున్నాను. తలుపు దగ్గరకు లాగి బయట గొళ్లెం పెట్టాను. వాళ్లకు నీళ్లు కూడా ఇవ్వలేదు. ఎండ అరుగెక్కింది. ఆడమనిషి ఏవో కాగితాలు తీసి సర్దుకుంటోంది. చివరికి మగమనిషి ఫోన్ చేశాడు.

ఆ ఫోన్ నా ఇంట్లోనే మోగింది. అతను నా వైపు చూశాడు. నేను పొరక అందుకుని ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాను. లోపల నుంచి తలుపు మీద చప్పుడు.

"అవ్వా, గొళ్లెం తియ్యి."

"పండుకో పిల్లా."

"వాళ్లు పరీక్షోళ్లవ్వా. ఇప్పుడు తియ్యకపోతే నా ఉరుకుడు పోతది."

తీశాను. పని అయ్యేదాకా ఆడమనిషి ఆమె వెంటే ఉంది, మరుగుదొడ్డిలోకి కూడా. ఇదేం చోద్యమని నేను అడ్డం పోతే, నా మనుమరాలు చేత్తో ఆగమంది. సీసాలకు సీలు వేసుకుని వాళ్లు వెళ్లాక, మెట్టు మీద కూర్చుని ఆ గంట సంగతి, తప్పిన రెండింటి సంగతి మొత్తం చెప్పింది. కోపం చేస్తుందనుకున్నాను.

"గుమ్మి ఎనక పట్టనవ్వా నేనిప్పుడు," అంది.

నాకు నవ్వు రాలేదు. "యాడున్నవో రోజూ వాళ్లకు చెప్తవు. నాకు చెప్పవు," అన్నాను.

"నువ్వు ఎన్నడన్న అడిగినవా?"

లేచి పొయ్యి దగ్గరకు పోయాను.

నరం బాగుపడింది. ఆమె వెళ్లిపోయింది. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా ముందు ఊరి పేరు చెబుతుంది. పరదేశం పేర్లు నా నోటికి తిరగవు. ఫోన్ పెట్టేసేసరికి సగం మరిచిపోతాను. మళ్లీ చెప్పమని అడగడానికి మనసు రాదు.

మొన్న మేస్త్రీ జీపు వచ్చింది. ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని జీపు దిగకుండానే అడిగాడు. ఎవరూ లేరన్నాను, ఈసారి నిజమే. నమ్మాడు. నీళ్లు తాగి పొమ్మందామనుకునేలోపే జీపు కదిలింది.